బస్సు పుట్టుపూర్వోత్తరాలు

పున్నమ్మకు ఒళ్ళు మండిపోతోంది. మండక ఏం చేస్తుంది చెప్పండి. ఒకటో తారీకు నుంచి ఊరికి బస్సు రాదని డిపోవాళ్ళు చెప్పి వెళ్ళారు. బస్సు తీసేయకండి మహాప్రభో అని ఇంగ్లీషులో ఒక అర్జీ రాసిపెట్టమని ఊరు ఊరంతా వచ్చి ఆమె బావగారి చేతులు పట్టుకుంది. ఆయన కాగితాల దస్తా తెప్పించుకున్నాడు, పెన్నులో సిరా పోయించుకున్నాడు, వసారాలో పడక్కుర్చీ వాల్చుకున్నాడు. ఇన్నాళ్ళూ కూర్చుని రాసింది ఒకే ఒక్క మాట. బస్సు.

బావగారంటే ఆమె మొగుడు పిచ్చయ్యకు స్వయానా అన్న. పుట్టినప్పుడు పెట్టిన పేరు వెంకట్రామయ్య, బి.ఏ. ప్యాసయ్యాక వెంకటరామారావు అయ్యాడు. ఖమ్మం హైస్కూల్లో ఇంగ్లీషు మాష్టారుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఒక ట్రంకుపెట్టె నిండా డిక్షనరీలు వేసుకుని జీలుగుపాడు తిరిగొచ్చి తమ్ముడింట్లో ఉంటున్నాడు. మంచివాడే, కాదని పున్నమ్మ కూడా అనదు. కాఫీలో పంచదార వెయ్యడం మరిచిపోయినా మాట్లాడకుండా తాగేస్తాడు. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఏ మాట చెవిన పడ్డా అది ఎక్కడ పుట్టింది, ఏ దేశం మీదుగా నడిచొచ్చింది, దారిలో ఏమేం పారేసుకుంది అని కూపీ లాగితేగానీ ఆయనకు ముద్ద దిగదు. దిగకపోతే మానె, ఎదుటివాళ్ళకు కూడా దిగనివ్వడు.

మామూలు రోజుల్లో అయితే పున్నమ్మ పట్టించుకునేది కాదు. కానీ ఈ బస్సు మీద ఆమె కూతురు హైమ చదువు ఆధారపడి ఉంది. హైమ పెనుబల్లి కాలేజీలో ఇంటర్ చదువుతోంది. ఆ పిల్లను కాలేజీలో చేర్పించడానికి పున్నమ్మ పడిన పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. మామగారు చెంచురామయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ అడివి అంచున నల్లరేగడి కొని, నలుగురిలో పేరు తెచ్చుకున్న మనిషి. ఆడపిల్ల గడప దాటితే ఆ పేరేదో ఊడిపోతుందని ఆయన భయం. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "ఇంటిముందు ఎక్కి ఇంటిముందు దిగేటట్టయితే చదవనీ. బస్సు లేన్నాడు కాలేజీ లేదు. ఆ జీపుల్లో, ఆటోల్లో నా మనవరాలు తిరగదు." ఇప్పుడు బస్సు పోతోంది. బస్సు పోయిన మర్నాడే పిల్ల పుస్తకాలు అటకెక్కుతాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క బావగారికి తప్ప. తెలుసేమో కూడా, కానీ ఆయన ధ్యాస అంతా ఆ మాట మీదే ఉంది.

పోనీ, నాలుగు తిట్టి రాయించుకుందామా అంటే అదీ కుదరదు. బావగారితో మరదలు ఎదురుపడి మాట్లాడటం ఆ ఇంట్లో లేదు. ఆయన తిరిగొచ్చింది మొదలు పున్నమ్మ ఆయనకు వడ్డిస్తోంది, బట్టలు ఉతికిస్తోంది, జ్వరం వస్తే కషాయం కాచి పంపిస్తోంది, కాపురానికి వచ్చాక ఒక్క మాట మాత్రం నేరుగా అనలేదు. తలుపు చాటున నిలబడి హైమతో అంటుంది. హైమ ఆయనతో అంటుంది. ఆయన హైమకు చెప్తాడు. మూడు బారల దూరంలో ఉన్న మనిషికి మాట చేరడానికి ఇంత తతంగం. హైమ కాలేజీకి పోయినప్పుడైతే మరీ ఘోరం. గేదెతో చెప్పినట్టు చెప్పాలి. "ఇదిగో, అన్నం చల్లారిపోతోందే" అని గేదెను కసిరితే ఆయన లేచి కాళ్ళు కడుక్కుంటాడు.

ఆదివారం హైమ ఇంట్లో ఉంది. పున్నమ్మ తలుపు చాటుకు వచ్చి నిలబడింది.

"అర్జీ ఎందాకా వచ్చిందో అడగవే."

"పెదనాన్నా, అర్జీ ఎందాకా వచ్చిందని అమ్మ అడుగుతుంది."

వెంకటరామారావు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని సంతోషంగా చూశాడు. ఎవరైనా అడగడమే ఆలస్యం ఆయనకు.

"మొదలుపెట్టినమ్మా. మొదలు గట్టిగా ఉండాల్నా వద్దా? బస్సు తియ్యకండి అని రాసేముందు బస్సంటే ఏందో మనకు తెలియాలి. అసలు బస్సు అనేది పూర్తి మాటే కాదు హైమా. తోక. మొత్తం మాట ఓమ్నిబుస్. లాటిన్. ఓమ్నిస్ అంటే అందరూ. ఓమ్నిబుస్ అంటే అందరికీ."

"అందరికీనా?"

"అందరికీ. ఫ్రాన్సు దేశంలో నాంత్ అని ఒక ఊరుంది. నూటయాభై ఏళ్ళ పైమాట. అక్కడొకాయన ఊరి బయట వేణ్ణీళ్ళ స్నానాలశాల పెట్టిండు. అంత దూరం జనం రావాలి కదా, అందుకని గుర్రబ్బండి ఒకటి వేసిండు. డబ్బిచ్చినవాడు ఎవడైనా ఎక్కొచ్చు, ఎక్కడైనా దిగొచ్చు. జనం ఎక్కిండ్రు, కానీ స్నానాలకు మాత్రం పోలేదు. ఎవరి పనులున్నచోట వాళ్ళు దిగిపోయిండ్రు. ఆయన తెలివైనోడు, స్నానాలు మూసేసి బండ్లే పెట్టుకున్నడు."

పున్నమ్మ తలుపు వెనక నుంచి నిట్టూర్చింది. పరాయి దేశంలో ఎవడో స్నానం చేశాడో లేదో తెలుసుకోవడానికేనా తను కందిపప్పు పొయ్యి మీద వదిలేసి వచ్చింది?

"ఆ బండి ఆగేచోట ఒక టోపీల దుకాణం ఉండేదట," అన్నాడు ఆయన. "యజమాని పేరు ఓమ్నెస్. తన పేరు కలిసొచ్చేటట్టు ఓమ్నెస్ ఓమ్నిబుస్ అని బోర్డు రాయించుకున్నడు. అన్నీ అందరికీ అన్నట్టు. ఆ బోర్డు చూసి జనం బండికి ఆ పేరు పెట్టిండ్రని ఒక కథ. అసలు ఆ దుకాణమే లేదనేవాళ్ళు కూడా ఉన్నరు. హైదరాబాదులో నా స్నేహితుడికి కార్డు రాసిన. అది తేలాలి."

అది తేలాలట. ఒకటో తారీకు తరుముకొస్తుంటే, ఫ్రాన్సులో టోపీల కొట్టు ఉందో లేదో తేలాలట. పున్నమ్మ పళ్ళు పటపట కొరికింది.

"ఫ్రెంచివాళ్ళు వాత్యూర్ ఓమ్నిబుస్ అన్నరు. అందరి బండి. అక్కడినుంచి లండన్ పోయింది. ఇంగ్లీషువాళ్ళకు అంత నోరు తిప్పే ఓపిక లేదు. ముందు బండి తీసేసిండ్రు, తర్వాత ఓమ్ని తీసేసిండ్రు, ఆఖర్న బస్ మిగిలింది."

హైమకు నవ్వొచ్చింది. "అంటే అందరికీ అనే మాటలో అందర్నీ దించేసి, ఉత్త కీ ఒకటి మిగుల్చుకున్నట్టా పెదనాన్నా?"

"అద్గదీ. పట్టేశావు."

"ఆ కీ ఒకటో తారీకు నుంచి రాదంట," అంది పున్నమ్మ తలుపు చాటునుంచి, కూతురితోనే అన్నట్టు. "దాని గురించి ఏమన్నా రాస్తారేమో కనుక్కో."

ఆయన మళ్ళీ కళ్ళజోడు దించుకుని డిక్షనరీలో తల పెట్టాడు. పప్పు అడుగంటిన వాసన వసారా దాకా వచ్చింది.

మర్నాడు పున్నమ్మ మిరపచేలో ఉంది. కాయ ఏరడానికి తండా నుంచి ఆడవాళ్ళు వచ్చారు. ఊరు దాటి అడివిలోకి మైలు దూరం పోతే హాతీరాం తండా. హాతీరాం అక్కడి పెద్దమనిషి. అతని చెల్లెలు సక్రి ఏటా పున్నమ్మ చేలోకే కూలికి వస్తుంది. ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు. సాళ్ళలో పక్కపక్కన నడుస్తూ, ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలేటట్టుందని, బస్సు పోతున్న సంగతి చెప్పుకుని పున్నమ్మ వాపోయింది.

సక్రి చేతులాపకుండా విన్నది. "పోతే పోనీ అమ్మా. మాకేం ఫరక్ లేదు."

పున్నమ్మకు చురుక్కుమంది. "అదేందే, గట్లంటావు? ఖమ్మం మార్కెట్‌కి, దవాఖానాకి మీరు పోరా?"

"పోతం. జీపుల పోతం."

"జీపు అడ్డరోడ్డు మీద కదా. అంత దూరం అడివిలో నడిచిపోయి జీపెక్కేదానికంటే, ఊళ్ళోకొచ్చి బస్సెక్కితే పోలా?"

"ఎక్కినం గదా. మస్తు దినాలు ఎక్కినం." సక్రి ఒడిలో కాయలు బస్తాలో పోసింది. "ఎక్కి కూసుంటిమి. లేవుమన్నరు. ఇంకో సీట్ల కూసుంటిమి. గక్కడ కూడా లేవుమన్నరు. మనుషులు లేరమ్మా, తువ్వాలలు ఉన్నయ్. తువ్వాలలు కూసున్నయ్, మేము నిలబడ్డం. ముసలోళ్ళు నిలబడ్డరు, బాలింతలు నిలబడ్డరు. టికెట్ మాత్రం నిండు టికెట్. జీపోడు గూడ గంతే తీసుకుంటడు గని, కూసోబెడ్తడు."

పున్నమ్మ చెయ్యి మిరపకొమ్మ మీద ఆగిపోయింది. ఇన్నాళ్ళూ కళ్ళెదుట ఉన్నదే, ఎప్పుడూ చూసినట్టు లేదు.

జీలుగుపాడుకు వచ్చేది నైట్ హాల్ట్ బస్సు. చీకటిపడే వేళకు వచ్చి బడి ముందు ఆగుతుంది, తెల్లవారుతూనే పెనుబల్లి మీదుగా ఖమ్మం బయల్దేరుతుంది. డ్రైవరుకు, కండక్టరు మన్సూర్‌కు ఊళ్ళో ఇంటికొక పూట వంతున భోజనం పెడతారు. బస్సు ఆగీ ఆగగానే ఊళ్ళో మగవాళ్ళు కిటికీల్లోంచి తువ్వాళ్ళు వేసేస్తారు. మర్నాడు ప్రయాణం ఉన్నవాడు వేస్తాడంటే అర్థం ఉంది. లేనివాడూ వేస్తాడు. ఒక రోజు వెయ్యకపోతే ఇంకొకడి తువ్వాలు పడుతుందని, పడితే సీటు మీద హక్కు పోతుందని బెంగ. డ్రైవరు వెనక సీటు చెంచురామయ్యగారింటిది, దాని పక్కది ఫలానావారిది, ఇలా బస్సు మొత్తం పొలాలు పంచుకున్నట్టు పంచేసుకున్నారు. ఆడవాళ్ళ సీట్ల మీద రుమాళ్ళు, పాత జాకెట్టు గుడ్డలు. హైమ కోసం పున్నమ్మ కూడా రోజూ సందెవేళ ఒక రుమాలు వేసి వచ్చేది. తెల్లారి సగం మంది రారు. రానివాళ్ళ తువ్వాళ్ళు సీట్ల మీద ఉండగానే మన్సూర్ ఖాళీ బస్సుకు రైట్ చెప్తాడు, ఖమ్మం చేరాక వాటిని మడతపెట్టి, రాత్రికి తెచ్చి పగిడయ్య టీ బంకులో ఇస్తాడు. ఊరి అన్నం తింటున్నవాడు, తువ్వాలు తీసి పారేస్తే రాత్రికి ఏ ఇంటికి పోతాడు పాపం. కలెక్షన్ లేదని డిపో బస్సు తీసేస్తుంటే, ఊరేమో గవర్నమెంటుకు మనమంటే గిట్టదని తిట్టుకుంటోంది.

"సక్రీ, ఎల్లుండి డిపో మేనేజరు వస్తున్నడట. నువ్వొచ్చి ఈ మాట చెప్పవే."

"నేను చెప్తే ఎవలింటరమ్మా. నువ్వు చెప్పు."

పున్నమ్మ చేలోంచి పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది. హైమ కాలేజీ నుంచి రాగానే చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి లాక్కుపోయింది. "తువ్వాళ్ళ సంగతి అర్జీలో రాయమని చెప్పు. సీట్ల మీద తువ్వాళ్ళు వెయ్యడం మానేస్తాం, తండావాళ్ళు ఎక్కుతారు, కలెక్షన్ వస్తుంది అని రాయమను. ముందు అది రాయమను."

హైమ పొల్లుపోకుండా చెప్పింది. వెంకటరామారావు శ్రద్ధగా విన్నాడు. ఆయన ముఖంలో వెలుగు చూసి, హమ్మయ్య అనుకుంది పున్నమ్మ.

"తువ్వాలు," అన్నాడు ఆయన. "ఈ తువ్వాలు ఉంది చూశావూ, ఇది మన మాట కాదు. తోఆల్యా. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చిన మాట. ఇంగ్లీషు టవల్, ఫ్రెంచి తుఆయ్, అన్నీ దాని చుట్టాలే. ఒక్క నిమిషం ఉండు, చూపిస్తా."

పున్నమ్మ చేతిలో గరిటె ఉంది. ఆ గరిటె ఆ పూట గోడకు తగిలింది గానీ ఎవరికీ తగలలేదు. ఆ రాత్రి బావగారి కంచంలో నెయ్యి పడలేదు, పెరుగూ పడలేదు. ఆయన గమనించనే లేదు. అది ఇంకా కడుపుమంట.

డిపో మేనేజరు ఆ పూటకు మన్సూర్‌ను డ్యూటీ తప్పించి, వెంటబెట్టుకుని జీపులో వచ్చాడు. బడి ముందు కుర్చీలు వేశారు. మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు బడి గోడవారగా. చెంచురామయ్య ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. తండావాళ్ళు కూడా కొందరు వచ్చి దూరంగా నిలబడ్డారు. వాళ్ళలో సక్రి కూడా ఉంది.

వెంకటరామారావు అర్జీ చదవడం మొదలుపెట్టాడు. ఎట్టకేలకు రాశాడు మరి, ఒకటి కాదు, పేజీలకు పేజీలు. మొదట ఇంగ్లీషులో చదివాడు. తర్వాత అందరికీ తెలియాలని తెలుగులో చెప్పాడు. లాటిన్ వచ్చింది, ఫ్రాన్సు వచ్చింది, వేణ్ణీళ్ళు వచ్చాయి, టోపీలు వచ్చాయి. హైదరాబాదు నుంచి జవాబు రానందువల్ల టోపీల దుకాణం మాట పూర్తిగా నమ్మనక్కరలేదని కూడా విడమరిచి చెప్పాడు. వెనక బెంచీ మీద ఎవరో ఆవులించారు. "కాబట్టి బస్సు అంటేనే అందరికీ అని అర్థం. అందరికోసం పుట్టినదాన్ని ఒక ఊరికి లేకుండా చేయడం ఆ మాటకే అన్యాయం," అని ముగించాడు. పున్నమ్మ మనసులో ఒప్పుకోవలసి వచ్చింది, ఆ ఆఖరు మాట బాగుంది. కానీ కావలసింది అది కాదు.

మేనేజరు ఓపికమంతుడు. "బాగా చెప్పారు మాష్టారూ. మరి మీ అందరి బండి మీ ఊళ్ళో సగం ఖాళీగా కదులుతోంది. డీజిల్ ఖర్చు కూడా రావడం లేదు. ఎందుకో ఎవరన్నా ఒక్కరు చెప్పండి, నేను సర్వీసు తియ్యను."

మన్సూర్ జీపు టైరు వంక చూస్తున్నాడు. చివరికి టీ బంకు పగిడయ్య లేచాడు. "ఊళ్ళోవాళ్ళం ఎంతమందిమి ఉన్నం సార్. తండావోళ్ళు ఎక్కాలె. ఆళ్ళకు బస్సెక్కే అలవాటు లేదు. అడివి జనం, నడుసుడే ఇష్టం."

పున్నమ్మ ఓర్పు అక్కడ తెగింది. రోజూ బంకు నిండా ఎవరి తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నాడో మరిచిపోయినట్టు ఎంత చల్లగా చెప్పాడు. హైమ ఏది? కాలేజీలో ఉంది. తలుపు లేదు, గేదె లేదు, మధ్యలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె గోడ వదిలి ముందుకు వచ్చింది.

"బావగారూ," అంది.

పిచ్చయ్య బెంచీ మీద సగం లేచి అలాగే ఉండిపోయాడు. వెంకటరామారావుకు ఆ గొంతు ఎవరిదో వెంటనే తెలియలేదు.

"మీరన్న మాట నాకు అర్థమయింది బావగారూ. బస్సంటే అందరికీ అన్నారు. మరి డ్రైవరు ఎనక సీటు మీద రోజూ మీ తువ్వాలు ఎందుకుంటది? మీరు ఖమ్మం పోయి ఎన్ని నెలలయింది? మీదే కాదు, ఊళ్ళో మగాళ్ళందరివీ ఉంటయ్. ప్రయాణం లేకపోయినా ఉంటయ్. తండావాళ్ళు వచ్చి కూర్చుంటే తువ్వాలు ఉందని లేపుతున్నారు. లేపితే ఎక్కరు. ఎక్కకపోతే డబ్బులు రావు. ఇంత చిన్న సంగతి అర్జీలో రాయమని చెప్పి పంపిస్తే, తువ్వాలు ఏ దేశం నుంచి వచ్చిందో చెప్పారు మీరు. నా పిల్ల చదువు ఆగిపోతుంటే మాకెందుకండీ పోర్చుగీసువాళ్ళు?"

వెనక్కి గోడ దగ్గరికి పోలేదు, అక్కడే నిలబడింది.

వెంకటరామారావు చేతిలో కాగితాలు మడిచాడు. "నాదేనమ్మా," అన్నాడు నేరుగా ఆమెతోనే. "ఆ తువ్వాలు నాదే. ఎందుకు వేస్తున్నానో నేనెప్పుడూ అడుక్కోలేదు. అన్నీ అడుగుతా, అది అడగలేదు."

బెంచీల మీద గోల లేచింది. ఆడది సభలో మాట్లాడటమేందని ఒకరు, మా సీట్ల జోలి దానికెందుకని ఒకరు. ఆ గోలలోంచి దూరంగా నిలబడ్డ సక్రి గొంతు వినిపించింది. అరవలేదు, మామూలుగానే అంది.

"మగోళ్ళవే కాదమ్మా. నీ బిడ్డ రుమాలు గూడ ఉంటది. నా కోడలు బాలింతప్పుడు పిల్లనెత్తుకొని ఆ సీట్ల కూసుంటే, లేపింది నువ్వే."

పున్నమ్మకు గుర్తొచ్చింది. అవును, లేపింది. ఇక్కడ మా అమ్మాయి కూర్చుంటుంది అంది, ఆ పిల్ల చంటిదాన్ని భుజాన వేసుకుని మారుమాట లేకుండా లేచింది. తను రుమాలు సవరించి, హైమను కూర్చోబెట్టి, చల్లగా ఇంటికి వచ్చి కాఫీ తాగింది. అదొక తప్పని ఇంతవరకూ అనుకోలేదు. ఆడపిల్ల కదా, చదువుకునే పిల్ల కదా, అది వేరనుకుంది. అందరిమీదా ఇంత విసుక్కున్న మనిషి, విసుక్కోవలసిన ఇంకో మనిషి తనేనని తెలిశాక ఎక్కడ చూడాలో తోచలేదు.

"అవ్," అంది. "లేపింది నేనే. ఇంక వెయ్యను. ఎవరు ముందొస్తే వాళ్ళు కూర్చోవాలి. నా బిడ్డ అయినా సరే."

మేనేజరు అటూ ఇటూ చూశాడు. సీటు మీద గుడ్డ కనిపిస్తే తీసి పారేయమని మన్సూర్‌కు అందరి ముందూ చెప్పాడు. ఒక నెల చూస్తానన్నాడు. బస్సు నిండితే ఉంటుంది, లేకపోతే లేదు. హాతీరాం తండావాళ్ళతో వాళ్ళ భాషలో ఏదో మాట్లాడి, "చూస్తం సార్, మేము గూడ ఒక నెల చూస్తం," అన్నాడు. చెంచురామయ్య అప్పటికే కర్ర పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆయన కోడలితో మాట్లాడలేదు. మనవరాలిని పిలిచి చెప్పాడు, కోడలికి వినపడేటట్టు. "సీటు ఉంటే పో. జనం మధ్యన కమ్మీ పట్టుకుని వేళ్ళాడుతూ పోయేటట్టయితే అవసరం లేదు. నా ఇంటి పిల్ల నిలబడి పోదు."

పున్నమ్మకు నెత్తి బాదుకోవాలనిపించింది. బస్సు లేదంటే బస్సు తెచ్చింది. ఇప్పుడు సీటు కావాలట. ఏం మనుషులు వీళ్ళు, వీళ్ళకు ఎక్కడని సమాధానం చెప్పాలి. వసారాలో బావగారు డిక్షనరీ ఒళ్ళో పెట్టుకున్నాడు గానీ తెరవలేదు. "నాయనకు నేను చెప్పి చూస్తానమ్మా," అన్నాడు ఆమెతో. చెప్పాడు కూడా పాపం. చెంచురామయ్య అటు తిరిగి పడుకున్నాడు.

ఒకటో తారీకున తెల్లవారుతూనే పున్నమ్మ హైమను తొందరపెట్టింది. ఎంత తొందరపడ్డా తండావాళ్ళకంటే ముందు ఎలా పోతారు, వాళ్ళు చీకటితోనే వచ్చి ఎక్కేశారు. చింతపండు మూటలు, ఖమ్మం దవాఖానాకు పోయే ముసలివాళ్ళు, చంటిపిల్లలు. జీపువాడు అడ్డరోడ్డు మీద ఎదురుచూస్తూ ఉండి ఉంటాడు. ఊళ్ళోవాళ్ళు కొందరు తువ్వాలు భుజాన వేసుకుని మొహం మాడ్చుకుని నిలబడ్డారు. వెంకటరామారావు ఆ పొద్దున ఏమనుకున్నాడో ఏమో, బస్సు దాకా వచ్చి, ఎక్కకుండా పక్కన నిలబడ్డాడు. హైమ ఎక్కింది. సీటు లేదు. ఎవరి మూటో కాళ్ళకు అడ్డం వస్తే దాటుకుని వెళ్ళి పైన కమ్మీ పట్టుకుంది.

చెంచురామయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. కిటికీలోంచి చూశాడు. ముందు సీట్లో కూర్చున్న తండా పిల్లను, "ఏయ్, లే. మా పిల్ల కూర్చుంటది," అన్నాడు.

ఆ పిల్ల లేవబోయింది, అలవాటుగా. హైమ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "కూర్చో," అంది. తాతయ్య వంక చూడలేదు.

"అయితే దిగు," అన్నాడు చెంచురామయ్య. "దిగవే. మన్సూర్, పిల్లను దింపు. దింపిందాకా బస్సు కదలడానికి వీల్లేదు."

మన్సూర్ చెయ్యి గంట తాడు మీద ఆగిపోయింది. నిన్న రాత్రి అన్నం తిన్నది చెంచురామయ్య ఇంట్లోనే. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. హైమ కమ్మీ వదల్లేదు గానీ, ఆమె ముఖం చూస్తే ఇంకొక్క మాట పడితే దిగిపోయేటట్టే ఉంది. పిచ్చయ్య ఎప్పటిలాగే నేల చూపులు చూస్తున్నాడు. వెంకటరామారావు "నాయనా" అని మొదలుపెట్టి ఆగాడు. ఇన్ని భాషల మాటలు తెలిసిన మనిషికి తండ్రికి ఎదురుచెప్పే మాట ఒక్కటీ దొరకలేదు.

పున్నమ్మ బస్సు వెనకవైపుకు నడిచింది. అరచేత్తో రేకు మీద గట్టిగా చరిచింది, రెండుసార్లు. డ్రైవరుకు అలవాటైన చప్పుడు అది. పోనియ్ అని అర్థం. బస్సు కదిలింది. తలుపు దగ్గర మన్సూర్ గబగబా లోపలికి జరిగాడు. కిటికీలో ఒక్క క్షణం హైమ చెయ్యి కనిపించింది, కమ్మీ మీద. తర్వాత దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు.

చెంచురామయ్య కోడలివైపు తిరిగాడు. "నేను ఆపమన్న బస్సును ఎవరు పొమ్మన్నారు?"

పున్నమ్మ చెయ్యి ఇంకా మంట పుడుతోంది. పైట సవరించుకుంది గానీ తల దించలేదు.

"అది మన బస్సు కాదు మామగారూ, మనం ఆపితే ఆగడానికి," అంది. కాపురానికి వచ్చాక ఆయనకు ఆమె ఎదురు చెప్పిన మొదటి మాట అదే.